మిల్‌స్టీన్ బాఖ్: తొడ మీద తాళం వేస్తూ వినవలసిన సంగీతం

మీ ప్రశ్న ఇది: "కర్ణాటక వయొలిన్ వింటూ పెరిగాను. నాథన్ మిల్‌స్టీన్ వాయించిన బాఖ్ ఏక వయొలిన్ రచనలు అద్భుతమని నలుగురూ అంటుంటే విన్నాను. గమకం లేదు, పక్కన మృదంగం లేదు, మధ్యమధ్య నాలుగు తీగలూ ఒకేసారి గీకిన చప్పుడు. ఇందులో అంత గొప్పతనం ఏమిటి? లోపం నా చెవిదేనా?"

మీ చెవికి ఏ లోపమూ లేదు. మొదటిసారి నాకూ అలాగే వినిపించింది. ఇంకా చెప్పాలంటే మీరు కనీసం చివరిదాకా విన్నట్టున్నారు, నేను పది నిమిషాలకే టేప్ రికార్డర్ ఆపేశాను.

అది 1996. అప్పటికి తొమ్మిదేళ్లుగా రాజమండ్రిలో ఫిడేలు నేర్చుకుంటున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికా నుంచి వస్తూ "నువ్వు వయొలిన్ వాయిస్తావు కదా" అని మిల్‌స్టీన్ క్యాసెట్లు తెచ్చి ఇచ్చాడు. బాఖ్ అనే పాతకాలపు జర్మన్ స్వరకర్త పేరు తప్ప ఏమీ తెలియదు. మొదటి క్యాసెట్టు మొదలవడమే నాలుగు స్వరాలు ఒకదాని మీద ఒకటి పడినట్టు మొదలైంది. ఇదేమి సంగీతం, శ్రుతి చూసుకుంటున్నాడా ఏమిటి అనుకున్నాను. క్యాసెట్లు కిటికీ పక్క గూట్లోకి వెళ్లి, పక్కనున్న పారాయణం పుస్తకాల్లాగే దుమ్ము పట్టాయి.

వాటిని కిందికి దించింది మా మాస్టారు. ఒక ఆదివారం మా నాన్నగారిని చూడటానికి వచ్చి, గూట్లో వయొలిన్ బొమ్మ ఉన్న డబ్బా చూసి "అదేమిటోయ్, వెయ్యి" అన్నారు. చేతికి అందిన క్యాసెట్టు వేశాను. అది ఎక్కడ ఆగి ఉందో అక్కడి నుంచి కాసేపు ఏదో గబగబా నడిచి ఆగింది. తర్వాత మొదలైంది షకోన్. బాఖ్ రాసిన డి మైనర్ పార్టీటాలో, అంటే నాట్యాల వరుసలో, చివరి భాగం. అప్పుడు నాకు ఆ పేరు కూడా తెలియదు.

మాస్టారు నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టారు. ఆయనకు ఏది విన్నా తాళం వేయనిదే తోచదు. రైలు ప్రయాణంలో కూడా వేసేవారు. మూడు దెబ్బల లెక్క అని వెంటనే పట్టుకున్నారు కానీ నాలుగైదు ఆవర్తాలు, అంటే తాళం చుట్లు, తిరిగేసరికి తప్పింది. "ఆపు. మళ్ళీ మొదటి నుంచి వెయ్యి" అన్నారు. మళ్ళీ తప్పింది. మూడోసారి కళ్లు మూసుకుని, మొదటి దెబ్బ ఖాళీగా వేసి, రెండో దెబ్బకు తల ఊపారు.

"ఒక అక్షరం విడిచి ఎత్తుకున్నాడోయ్. సమం మీద ఎత్తుగడ లేదు. బరువు కూడా రెండో దెబ్బ మీదే వేస్తున్నాడు, వినబడుతోందా?"

వినబడింది. ఆ ఒక్క మాటతో అప్పటిదాకా గీకుడులా వినిపించినది నాట్యమై లేచి నిలబడింది.

షకోన్ నిజంగా నాట్యమే. సరబాండ్ అనే నాట్యంలాగే మూడు దెబ్బల నడక, రెండో దెబ్బ మీద ఒరుగు. బాఖ్ ఇందులో మొదటి దెబ్బను వదిలేసి రెండో దెబ్బ మీద ఎత్తుకుంటాడు. కింద పునాదిగా ఒక దిగుడు వరస ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే స–ని–ధ–ప. నాలుగేసి ఆవర్తాలకు ఒకసారి ఆ మెట్లు దిగడం, వాటి మీద కొత్త సంగతి, అంటే అదే వరసకు కొత్త మలుపు, వేయడం. అలా రెండు వందల యాభైకి పైగా ఆవర్తాలు. ఈ మెట్ల వరసను బాఖ్ అన్ని చోట్లా ఒకేలా ఉంచడు. ఒకచోట స్వరాలను మారుస్తాడు, ఒకచోట దాచేస్తాడు. కానీ నాలుగు ఆవర్తాల లెక్క మాత్రం మన పల్లవి లాగా లోపల తిరుగుతూనే ఉంటుంది. మొదటి సగం మనకు నటభైరవి, కీరవాణి రాగాల ఛాయలో వినిపిస్తుంది. మధ్యలో ఒక్కసారిగా శంకరాభరణం. చివర మళ్ళీ పాత చోటికి. మొత్తం సుమారు 14 నిమిషాలు. అంటే దానికి ముందున్న నాలుగు నాట్యాలూ కలిపితే దాదాపు ఎంతవుతుందో అంత.

ఇక మిల్‌స్టీన్ చేసినదేమిటి? నా మటుకు నాకు ఆయన గొప్పతనం ఒక్క మాటలో ఉంది: ఆయన వదిలేస్తాడు. ఆ మాట కూడా నాది కాదు, మాస్టారిదే. క్యాసెట్టు అయిపోయాక చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "వీడు స్వరాన్ని పట్టుకుని వేలాడటం లేదు. పలికించి వదిలేస్తున్నాడు. వదిలినా మోగుతూనే ఉంది" అన్నారు. తర్వాత కాఫీ తాగి వెళ్లిపోయారు.

వదిలేయడం అంటే ఏమిటో నాకు అర్థం కావడానికి ఆ మొదటి స్వరాలను నా ఫిడేలు మీద ప్రయత్నించవలసి వచ్చింది. మన శ్రుతి స–ప–స–ప. వారిది అలా కాదు, కింది తీగకు పై తీగ ఎప్పుడూ పంచమమే. తీగలన్నీ వారి శ్రుతికి మార్చాను. మొదటి గుత్తి, అంటే ఒకేసారి పలకవలసిన స్వరాల కట్ట, మూడు స్వరాలు, వెంటనే వచ్చేది నాలుగు తీగల మీద నాలుగు స్వరాలు. అన్నిటికన్నా మందమైన తీగ మీద చిటికెన వేలు సాగదీసి నొక్కి పట్టాలి, మిగిలిన వేళ్లు పక్క తీగల మీద ఒకదానికొకటి తగలకుండా నిలబడాలి. కమాను వేస్తే ఇరుసుకు కందెన లేని ఎడ్లబండి కదిలింది. మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

కష్టం ఎక్కడంటే, వయొలిన్‌లో తీగలను ఎత్తిపట్టే చెక్కముక్క, బ్రిడ్జి, దాని పైభాగం వంపుగా ఉంటుంది. కమాను వెంట్రుకలు ఒకేసారి రెండు తీగల మీద హాయిగా ఆనుతాయి, గట్టిగా అదిమితే క్షణం సేపు మూడింటి మీద. నాలుగింటి మీద ఆనడం అసాధ్యం. కాబట్టి కింది రెండు, ఆ వెంటనే పై రెండుగా విరిచి వాయిస్తారు. బాఖ్ కాగితం మీద మాత్రం నాలుగూ ఒకే నిలువు గీతలో రాశాడు. ఈ చిక్కు చాలామందిని వేధించింది. ఆల్బర్ట్ ష్వైట్సర్ లాంటి పండితులు, పాతకాలపు కమాను విల్లులా బాగా వంగి ఉండేదని, నాలుగు తీగలనూ ఒకేసారి పలికించేదని నమ్మారు. ఎమిల్ తెల్మాన్యీ అనే వాద్యకారుడు అలాంటి కమాను తయారుచేయించుకుని 1950లలో బాఖ్ మొత్తం వాయించి రికార్డు కూడా చేశాడు. వినండి, తమాషాగా ఉంటుంది, హార్మోనియం మెట్లు నొక్కిపట్టినట్టు. కానీ బాఖ్ కాలంలో అలాంటి కమాను ఉన్నట్టు ఆధారం లేదు.

మిల్‌స్టీన్ మామూలు కమానుతోనే ఈ ముడి విప్పాడు. కింది రెండు స్వరాలను తాకీ తాకనట్టు తాకి, వెంటనే పైకి జారి, పై స్వరాన్ని నిలబెడతాడు. కింది స్వరం పోయిందన్న సంగతి మన చెవి గమనించేలోపు తర్వాతి మెట్టు వచ్చేస్తుంది, కనుక మనం దాన్ని మనసులో మోగిస్తూనే ఉంటాం. కొందరు పెద్ద వాద్యకారులు ఈ గుత్తులను ఒక్కొక్క రాయినీ ఎత్తి పెట్టినట్టు వాయిస్తారు. ప్రతిదీ గంభీరంగానే ఉంటుంది కానీ మూడో సంగతికల్లా తాళం చచ్చిపోతుంది. మిల్‌స్టీన్ దగ్గర తొడ మీద చెయ్యి ఆగవలసిన అవసరం రాదు.

మీరు గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం, లేదన్నారు. నిజమే. మన సంగీతంలో స్వరానికి ప్రాణం ఎడమచేతిలో ఉంది. అందుకే మనం కింద కూర్చుని ఫిడేలు తలను పాదం మీద ఆనించి ఎడమచేతికి భారం లేకుండా చేసుకున్నాం, అది తీగ మీద స్వేచ్ఛగా జారాలి కనుక. ఈ సంగీతంలో ప్రాణం కుడిచేతిలో ఉంది. ఒకే స్వరాన్ని కమాను ఎంత వేగంతో అందుకుంది, ఎక్కడ బరువు తీసేసింది, తీగ మీంచి ఎప్పుడు లేచింది, ఇవే వీరి గమకాలు అనుకోండి. మిల్‌స్టీన్ ఎడమచేతి వేళ్ల వణుకును కూడా తన తరం వాళ్లలో చాలామందికన్నా పొదుపుగా వాడతాడు. ఆయన ధ్వని సన్నగా, గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. లావైన తియ్యటి ధ్వనికి అలవాటుపడిన చెవికి మొదట పొడిగా తోస్తుంది. మీకు 'గీకిన చప్పుడు' అనిపించినదాంట్లో ఇదీ కొంత కావచ్చు.

ఇంకొక మాట చెప్పాలి, కొందరికి నచ్చదు. షకోన్ గురించి ఎక్కడ చదివినా ఒక కథ ఎదురవుతుంది. 1720 వేసవిలో బాఖ్ తన యజమాని లియోపోల్డ్ ప్రభువు వెంట కార్ల్స్‌బాద్ వెళ్లాడు. జులైలో, ఆయన ఊళ్లో లేనప్పుడే, కోతెన్‌లో భార్య మరియా బార్బరా చనిపోయింది. ఆయన తిరిగి వచ్చేసరికి ఖననం కూడా అయిపోయింది. ఇంతవరకు నిజం. ఏక వయొలిన్‌కు బాఖ్ కట్టినవి ఆరు రచనలు, మూడు సొనాటాలు, మూడు పార్టీటాలు. ఈ ఆరింటి చేతిరాత ప్రతి మీద ఉన్న సంవత్సరం కూడా 1720. అదీ నిజం. ఈ రెండింటినీ ముడివేసి, షకోన్ ఆ భార్యకు కట్టిన సమాధి అని చెబుతారు. దానికి ఆధారం లేదు. ఆ ఏడాది వేసినది శుభ్రంగా ఎత్తి రాసిన ప్రతికి. అందులోని రచనలను ఎప్పుడు కట్టాడో అది చెప్పదు. కానీ ఆ కథ విన్నవాళ్లు ఏడుపు వెతుకుతూ వింటారు, కొందరు ఏడుస్తూ వాయిస్తారు కూడా. మిల్‌స్టీన్ ఏడవడు. ఆయన నడుస్తాడు. నాకు ఆయన వాయింపులోనే దుఃఖం ఎక్కువగా తగిలింది, ఇంటి పెద్ద కళ్లు తుడుచుకుని వచ్చినవాళ్లకు భోజనాలు వడ్డిస్తుంటే మనకు గొంతు పట్టేస్తుందే, అలా.

దగ్గరగా వినవలసిన చోట్లు రెండు చెబుతాను.

మొదటిది, మొదటి భాగం చివరికి వచ్చేటప్పుడు. కమాను ఒక తీగ మీంచి ఇంకొక తీగ మీదికి అలలు అలలుగా వేగంగా దాటుతూ ఉంటుంది. ఇక్కడ బాఖ్ రాసినది కేవలం స్వరాల గుత్తుల వరుస, దాని నెత్తిన 'ఆర్పెజియో' అనే ఒక్క మాట. గుత్తిని ఏ వరుసలో విడదీసి వాయించాలో వాద్యకారుడికే వదిలేశాడు. మన భాషలో మనోధర్మం. కొందరు ఇక్కడ తుఫాను లేపుతారు. మిల్‌స్టీన్ దగ్గర వేగం పెరుగుతుంది కానీ లోపలి మెట్లు చెరగవు. అలల అడుగున దిగుతున్న ఆ కింది స్వరాన్ని వెతకండి, దొరుకుతుంది.

రెండోది, శంకరాభరణంలోకి మారే చోటు. చాలామంది ఇక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, చూడండి వెలుగు వస్తోంది అని ప్రకటించి మరీ ప్రవేశిస్తారు. మిల్‌స్టీన్ తలుపు తోసుకుని మామూలుగా లోపలికి వచ్చేస్తాడు. మెత్తగా. వెలుగు వచ్చిందని మనకు రెండు ఆవర్తాలు గడిచాక తెలుస్తుంది. కాసేపటికి ఒకే స్వరం మూడేసి సార్లు తట్టడం మొదలవుతుంది, దూరంగా బాకాలు ఊదినట్టు. ఆ తట్టుడు ఒక్కొక్కసారి ఒక్కొక్క తీగ మీదికి, ఒక్కొక్క ఎత్తుకు మారుతుంది. ఈ భాగం వాయించేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో అని చాలా ఏళ్లు అనుకున్నాను. తర్వాత చూశాను. ఏమీ ఉండదు. మెకానిక్ బండి ఇంజను చప్పుడు వింటున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఆయన ఎవరో కొంచెం చెప్పాలి కదా. 1904లో ఒడెస్సాలో పుట్టాడు. అక్కడ స్తొల్యార్‌స్కీ దగ్గర, తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లియోపోల్డ్ ఆవర్ దగ్గర నేర్చుకున్నాడు. మరో మహా వయొలిన్ వాద్యకారుడు యాషా హైఫెట్స్‌కు గురువు కూడా ఈ ఆవరే. రోజుకు ఎన్ని గంటలు సాధన చేయాలని అడిగితే, వేళ్లతో చేస్తే రోజంతా చాలదు, బుర్రతో చేస్తే రెండు గంటలు చాలు అన్నట్టుగా ఆవర్ జవాబిచ్చాడని మిల్‌స్టీన్ చెప్పుకునేవాడు. కీవ్‌లో పియానో వాద్యకారుడు వ్లదీమిర్ హోరొవిట్స్ ఇంటికి టీ తాగడానికి వెళ్లి మూడేళ్లు ఉండిపోయానన్నది కూడా ఆయన మాటే. ఆ ఇద్దరూ 1925లో కచేరీల పేరుతో సోవియట్ దేశం దాటారు. మిల్‌స్టీన్ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. 1945 తర్వాత ఆయన చేతిలో ఉన్నది 1716లో ఇటలీ వాద్య నిర్మాత స్ట్రాడివారీ చేసిన వయొలిన్. దానికి కూతురు మరియా, భార్య తెరేజా పేర్లు కలిపి మరియా తెరేజా అని పేరు పెట్టుకున్నాడు.

ఈ ఆరు రచనలనూ ఆయన రెండుసార్లు పూర్తిగా రికార్డు చేశాడు. 1950లలో క్యాపిటల్ సంస్థకు ఒకసారి, 1973లో డాయిష్ గ్రామఫోన్ సంస్థకు ఇంకొకసారి. రెండో దానికి గ్రామీ వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాయి. నా గూట్లో దుమ్ము తిన్నది అదే. మొదటిదానిలో మంట ఎక్కువ, ధ్వనిలో పాతకాలపు బిగువు. రెండోదానిలో వాక్యాలు పొడుగయ్యాయి. ఒకటే ఉంచుకోమంటే రెండోదే ఉంచుకుంటాను. కానీ సి మేజర్ సొనాటాలో ఫ్యూగ్, అంటే ఒకే వరసను పలు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన, మటుకు పాతదే నాకు ఇష్టం. 354 ఆవర్తాల ఆ మహారణ్యంలో దారి తప్పకుండా నడవడానికి ఆ బిగువు పనికొస్తుంది.

కచేరీకి ముందు రోజు కూడా ఏ స్వరం ఏ వేలితో పట్టాలో మార్చుకుంటూ ఉండేవాడన్నది ఆయన గురించి ప్రసిద్ధం. అరవై ఏళ్లు వాయించిన దాన్ని కూడా. అది చాదస్తం అనుకునేవాణ్ణి. 1986 జులైలో స్టాక్‌హోంలో వాయించిన ఆఖరి కచేరీ చిత్రం చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఆయనకు 82 ఏళ్లు. ఎడమచేతి చూపుడు వేలు సరిగా సహకరించలేదు. అందుకని అప్పటికప్పుడు వేళ్లు మార్చుకుని వాయించాడు. ఆ కచేరీలో వాయించినవాటిలో షకోన్ ఉంది. బీథోవెన్ క్రాయిట్సర్ సొనాటా కూడా. కొద్దికాలానికే కిందపడి ఎడమచెయ్యి విరిగింది. మళ్ళీ కచేరీ చేయలేదు. 1992 డిసెంబరులో లండన్‌లో పోయాడు.

ఆయనొక్కడే గొప్ప అని నేను అనను. మొత్తం ఆరింటినీ మొదట రికార్డు చేసినది యెహుదీ మెనూహిన్, 1934 నుంచి 1936 వరకు. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా సరిగా నిండని కుర్రవాడు. అందులో ఆవేశం ఉంది, కొన్ని చోట్ల తడబాటూ ఉంది, రెండూ అందంగానే ఉన్నాయి. (ఈ మెనూహినే తర్వాత మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ ఇంట్లో మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయింపు విని మెచ్చుకున్నాడు. మా మాస్టారు ఈ సంగతి కనీసం నెలకు ఒకసారి చెప్పేవారు.) ఇక బాఖ్ కాలంనాటి పద్ధతిలో పేగు తీగలు, తక్కువ శ్రుతి, పాతకాలపు తేలిక కమాను పట్టుకుని వాయించే వాళ్లున్నారు. సిగిస్వాల్డ్ కౌకెన్, రేచెల్ పాడ్జర్ లాంటివాళ్లు. మిల్‌స్టీన్ వాయింపు చారిత్రకంగా సరి కాదని వీరి అభిమానులు అంటారు. కావచ్చు. తమాషా ఏమిటంటే, పాడ్జర్ వాయింపు విన్న తర్వాత తిరిగి మిల్‌స్టీన్ దగ్గరికి వస్తే నాకు తేడా కన్నా పోలికే ఎక్కువ కనిపించింది. ఇద్దరూ స్వరాన్ని వదిలేస్తారు, ఇద్దరి దగ్గరా నాట్యం ఆగదు. ఆయన మామూలు కమానుతో చేసినది ఆమె పాతకాలపు కమానుతో చేస్తుంది, అంతే.

ఆ చేతిరాత ప్రతి మీద బాఖ్ ఇటాలియన్‌లో పెట్టిన పేరు 'సెయ్ సోలో'. ఆరు ఏక వాద్య రచనలు అని ఆయన ఉద్దేశం. వ్యాకరణం ప్రకారం 'సెయ్ సోలీ' అనాలి. ఆయన రాసినట్టే చదివితే 'నువ్వు ఒంటరివి' అని కూడా అర్థం వస్తుంది. దీని మీద వ్యాసాలు రాసినవాళ్లున్నారు. నాకైతే ఇటాలియన్ అంతంతమాత్రంగా వచ్చిన జర్మన్ చేసిన పొరపాటు అనిపిస్తుంది, కానీ మంచి పొరపాటు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, షకోన్‌తో కాదు. మీరు బహుశా దానితోనే మొదలుపెట్టి ఉంటారు, అందరూ దాన్నే చూపిస్తారు కాబట్టి. 1973 రికార్డింగులో ఇ మేజర్ పార్టీటా తీయండి. అందులో మొదటిది ప్రెల్యూడ్. దాదాపు అంతా ఒంటి స్వరాల పరుగే, మీకు చిరాకు తెప్పించిన గుత్తులు చాలా తక్కువ. మూడోది గవోట్. 1977లో వోయేజర్ నౌకల్లో అంతరిక్షానికి పంపిన బంగారు పూత వేసిన గ్రామఫోను పళ్లెంలో ఆర్థర్ గ్రూమియో వాయించినది ఉంది, ఈ గవోటే. అదే పళ్లెంలో హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా ఉంది. గవోట్‌లో ఒక పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది, మన చెవికి తొందరగా పట్టుబడుతుంది. రెండు మూడు రోజులు అదే వినండి. తర్వాత డి మైనర్ పార్టీటా మొదటి నుంచి, మధ్యలో ఏదీ దాటవేయకుండా. ఫ్యూగ్‌లు ఇప్పుడే వద్దు.

షకోన్ దగ్గరికి వచ్చాక ఫోను పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, తొడ మీద మూడు దెబ్బలు వేయండి. మొదటిది ఖాళీ, ఎత్తుగడ రెండోదాని మీద. తప్పితే ఆపి మళ్ళీ మొదటికి వెళ్లండి. మా మాస్టారికే మూడోసారికి గాని కుదరలేదు.